పుంగనూరు బ్యాండులో పలక

నేను పుంగనూరులో ఒక ఎయిడెడ్ హైస్కూలుకి బ్యాండు మాస్టరుగా చేరింది తొంభై ఆరు జూన్‌లో. అంతకు ముందు పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి. హెడ్ కానిస్టేబుల్ హోదాలో స్వచ్ఛంద విరమణ తీసుకొని వచ్చాను. స్కూలు రికార్డుల్లో నా ఉద్యోగం పేరు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్. పార్ట్‌టైమ్ అన్నది జీతానికే. పొద్దున ప్రేయర్‌కి ముందే వచ్చి, సాయంత్రం ఆటల పీరియడ్ అయిపోయాక తాళం వేసుకొని పోయేవాణ్ణి. డ్రిల్లు మాస్టరు సెలవు పెడితే ఆ పనీ నా నెత్తినే.

స్కూలు బ్యాండు అంటే జనానికి తెలిసింది ఆగస్టు పదిహేనున డ్రమ్ములు కొట్టుకుంటూ బజార్లో పోయే పిల్లలు. అది మార్చింగ్ బ్యాండు. అందులో అడుగు తప్పకుంటే చాలు, సుతి అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. కచేరీ బ్యాండు వేరు. అక్కడ పిల్లలు కూర్చొని వాయించాలి, జనం కూడా కూర్చొనే వింటారు కాబట్టి తప్పు దాక్కోదు. నాకు ఇచ్చిన సామాను ఇదీ: నాలుగు సైడ్ డ్రమ్ములు, మెడకు తగిలించుకొనే ఒక పెద్ద డ్రమ్ము, తాళాలు, కొన్ని బ్యూగిళ్ళు, ఒక వరస ఫ్లూట్లు, రెండు క్లారినెట్లు, సొట్టపడిన ఒక యుఫోనియం. యుఫోనియం అంటే ఒళ్ళో పెట్టుకొని వాయించే పెద్ద ఇత్తడి బాకా. అది వాయించే పిల్లోడికి బుగ్గలుండాలి, ఊపిరుండాలి. మా వాడికి బుగ్గలు మాత్రమే ఉండేవి.

తొంభై తొమ్మిదిలో మదనపల్లెలో డివిజను స్కూళ్ళకి బ్యాండు పోటీ పెట్టారు. మార్చింగ్ కాదు, కచేరీ. మన ప్రాంత చరిత్ర మీద కొత్తగా కూర్చిన సంగీతం ఉండాలని షరతు. మా హెడ్మాస్టరు ఆ సర్క్యులర్ నా చేతిలో పెట్టి, దేశభక్తి పాటేదైనా కొంచెం మార్చి లాగించెయ్యమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంతకాలం పరేడ్‌లో ఒకరి వెనక ఒకరు వాయించీ వాయించీ విసిగిపోయిన మనిషిని, జీవితంలో ఒక్కసారి కొత్తది కూర్చే అవకాశం వస్తే లాగించెయ్యడమేమిటి?

మా సోషల్ మాస్టరుని పట్టుకున్నాను. ఆయన చెప్పిందాంట్లో నాకు పట్టుబడింది ఒకటే. పాలెగాళ్ళ కాలంలో ఇది సరిహద్దు సీమ. ఆ పక్క మైసూరు, ఈ పక్క కనుమల కింది దేశం. ఎవరి దండు ఎవరి మీదికి పోవాలన్నా మన చేలు తొక్కుకొనే పోవాలి. అందుకని కొండల మీద కాపలా ఉండేదట. గుర్రాల దుమ్ము కనబడగానే ఒక కొండ మీద పలక, అంటే డప్పు, కొడితే, అది విని ఇంకో కొండ మీద కొట్టేవాళ్ళట. కబురు అట్లా కొండ కొండకీ పాకి, దండు వచ్చేలోగా జనం పశువుల్ని తోలుకొని అడవెక్కేవాళ్ళట. చరిత్రలో ఇది ఎంత నిజమో నాకు తెలీదు. సంగీతానికి మాత్రం ఇంతకంటే ఏం కావాలి!

మూడు భాగాలుగా కూర్చాను. మొదటిది కాపలా: ఫ్లూట్లు, కింద పెద్ద డ్రమ్ము మెత్తగా. రెండోది కబురు: స్టేజీ మీద పలక ఒక్కటే మోగుతుంది, దానికి జనం వెనక తలుపు దగ్గర నిలబెట్టిన సైడ్ డ్రమ్ములు జవాబిస్తాయి. ఆ తర్వాత బ్యాండంతా కలిసి గుర్రపు నడకలో, అంటే మన తిశ్రంలో, దండులాగా వచ్చిపడుతుంది. చివరిది ఖాళీ అయిన ఊరు: క్లారినెట్ ఒక్కటే. అంతా కాగితం మీదికి వచ్చింది గానీ, పలక దెబ్బ రాలేదు. పలక గురించి నాకు తెలిసింది శూన్యం. మాది మేళం వాయించే ఇల్లు. మమ్మల్ని పెండ్లికి పిలుస్తారు, పలకోళ్ళని సావుకి పిలుస్తారు. ఒకే ఊర్లో పుట్టినా ఆ రెండు సంగీతాలు ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

నా సైడ్ డ్రమ్ముల్లో మేటి తొమ్మిదో తరగతి నాగవేణి. చేతిలో పుల్లలు ఉన్నట్టే కనబడేవి కావు, అంత వేగం. సైడ్ డ్రమ్ములో రోల్ అని ఒకటుంటుంది, దెబ్బకీ దెబ్బకీ సందు వినబడకుండా కొట్టడం. పోలీసు బ్యాండులో దాన్ని పట్టడానికి నాకు తెలిసినవాళ్ళకి ఏడాది పట్టేది. ఈ పిల్ల వానాకాలం పోయేలోగా పట్టేసింది. ఎవరమ్మా మీ ఇంట్లో కొట్టేదంటే, మా నాయన ఇంట్లో పళ్ళెం మీద వేళ్ళతో కొడతాడు సార్ అంది.

ఆ నాయన మునెప్ప, పాల డైరీలో అటెండరు. చౌడేపల్లె దారిలో వాళ్ళ ఊరు. ఉద్యోగం వచ్చాక పుంగనూరులో కాపురం పెట్టాడు. పలక సంగతి ఎత్తగానే మనిషి బిగుసుకుపోయాడు. నేను కొండల మీది కాపలా కథ చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "మా తాత సెప్పేవోడు సార్, కబురు దెబ్బని ఒకటుండాదని. నాకు నేర్పించినాడు కూడా. దాన్ని సావుకి కొట్టరు. దేనికి కొట్టేదో నాకూ తెల్దు, మీరు సెప్తాంటే ఇప్పుడు తెలిసింది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసి ఉండాల్సింది. తన వాళ్ళు ఒకప్పుడు సావుకి కాదు, ఊరు బతకడానికి పలక కొట్టారని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కూతురికి నేర్పడానికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "నా పేరు యాడా రాకూడదు సార్." యాల, ఎందుకు అని అడిగితే చెప్పాడు. ఊర్లో ఎవరు చచ్చినా పలక కొట్టాల్సింది వాళ్ళ ఇల్లే. డైరీలో పని దొరికినప్పుడు దాన్నుంచి బయటపడడానికి, కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేయదు, దెబ్బలన్నీ మర్చిపోయినా అని ఊర్లో చెప్పుకున్నాడు. ఊరు నమ్మింది. తమ్ముడికి చిన్నప్పట్నుంచీ తాళం నిలవదు, అది అందరికీ తెలిసిందే. అందుకని సావుకి పక్కూరోళ్ళని పిలిపించుకుంటున్నారు. ఉన్నమాటే చెప్పి పలక మానేస్తానంటే ఒప్పుకొనేవాళ్ళు కారా అంటే నవ్వాడు. తమ్ముడు బతికేది పెద్దింటోళ్ళ చేలో. మానేస్తాననే మాట తమ్ముడి తిండి మీద పడుతుంది. చెయ్యి పడిపోయిందనే మాట ఎవరి మీదా పడదు.

ఆడపిల్ల కాబట్టి నాగవేణికి ఏ భయమూ లేదు. ఆడవాళ్ళు పలక పట్టే ఆచారం ఆ ఊర్లో లేదు, ఎవరూ ఆ పిల్లని సావుకి పిలవరు. ఆ లెక్క మేమిద్దరం వేసుకొన్నాం. ప్రోగ్రాం కాగితంలో నేర్పినవారి పేరు లేకుండా చూస్తానన్నాను, చూశాను. ఒక్కటి మాత్రం చెప్పాను: మునెప్పా, ఈ సంగతి పిల్లకి కూడా చెప్పు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు సార్. మేం సావుకి కొట్టేవాళ్ళమని, పిలిస్తే పోవాల్సినోళ్ళమని ఆ పిల్లకి తెల్దు. తెలియకుండానే పెంచుకుంటా వస్తాండాను. మా నాయన గవర్మెంటు మనిషి మాదిరి డ్రెస్సేసుకొని పనికి పోతాడని, అంతే తెలుసు దానికి." తండ్రీ కూతుళ్ళ మధ్య నేను దూరేదేముంది? ఊరుకున్నాను.

స్కూలు ఖర్చుతో కొత్త పలక చేయించాం. అది బ్యాండు స్టాకులో నమోదైంది. పలకని కొట్టే ముందు మంట మీద కాచాలి, అప్పుడు చర్మం బిగుస్తుంది. మా బ్యాండు గది వెనక వరిగడ్డి మంటేసి నాగవేణి దాన్ని తిప్పుతూ కాచేది. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న పుల్ల. మొదట్లో మిగతా పిల్లలు ముసిముసిగా నవ్వారు. ఆ పిల్ల కబురు దెబ్బ ఎత్తుకున్నాక నవ్వులు ఆగిపోయాయి.

మదనపల్లెలో ఆ రోజు హాలు నిండిపోయింది. రెండో భాగంలో స్టేజీ మీద నాగవేణి ఒక్కతే నిలబడి పలక కొట్టి ఆగితే, వెనక తలుపు దగ్గర్నుంచి సైడ్ డ్రమ్ములు అందుకున్నాయి. జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. నా సర్వీసులో ఎన్నో పరేడ్లు చూశాను, మంత్రుల ముందు వాయించాను. ఒళ్ళు జలదరించింది ఆ రోజే. చివరి క్లారినెట్ నేనే వాయించాను, మాస్టరు వాయించొచ్చని రూల్సులో ఉంది.

మొదటి బహుమతి మాకే. కప్పు ఇస్తూ ముఖ్య అతిథి, మంచి పెద్దమనిషి, మైకు నాగవేణి నోటి దగ్గర పెట్టాడు. "ఎంత బాగా కొట్టినావమ్మా! ఎవురమ్మా నీకు నేర్పించింది?" నేను అడుగు ముందుకేశాను. ఆ పిల్ల నావైపు చూడనే లేదు. మొహం వెలిగిపోతోంది. "మా నాయన సార్! మునెప్ప. ఆడ వెనకాల కూర్చోనుండాడు సూడండి!"

ఏ కూతురైనా అదే చెబుతుంది. సంగీతం చేసేవాళ్ళలో అడక్కపోయినా గురువు పేరు చెప్పుకోవడం మర్యాద, ఆ మర్యాద వాళ్ళకి నేర్పిందీ నేనే. ముఖ్య అతిథి ఆయన్ని లేచి నిలబడమన్నాడు. హాలంతా చప్పట్లు. మునెప్ప డైరీ ఖాకీ డ్రెస్సులో లేచాడు. ఏం చేస్తాడు పాపం, రెండు చేతులూ తల మీదికెత్తి దండం పెట్టాడు. మూడో వరసలో, పోటీకొచ్చిన ఇంకో స్కూలు పిల్లోడి తండ్రి మెడ తిప్పి ఆయన్నే చూస్తున్నాడు. ఆ మనిషి వాళ్ళ ఊరి పెద్దింటాయన కొడుకు. ఆ సంగతి నాకు తిరుగు బస్సులో మునెప్ప చెప్పాడు. కప్పు ఒళ్ళో పెట్టుకొని నాగవేణి కిటికీ పక్కన పాడుకుంటోంది. ఆయన అది కూడా నా చెవి దగ్గరికి వంగి, పిల్లకి వినబడకుండా చెప్పాడు.

తర్వాత కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఊరుకున్నారేమో అనుకున్నాం. చలి ముదిరాక ఒక పొద్దున మునెప్ప స్కూలుకొచ్చాడు. పెద్దింటాయన పోయాడు. మనిషిని పంపించారు. "పలక ఒకసారి కావల్ల సార్. నాది ఎప్పుడో పారేసినా."

బ్యాండు సామాను బయటికి పోవాలంటే హెడ్మాస్టరు అనుమతి ఉండాలి. ఆ రూలు అడ్డం పెట్టి స్కూలు ఇవ్వలేదని చెప్పమన్నాను. "అదీ ఆలోసన చేసినా సార్. అప్పుడు వాళ్ళు స్కూలుకే వస్తారు. వస్తే పిల్ల ముందర అడుగుతారు." పలక తీసిచ్చాను. అప్పుడే నాగవేణి గదిలోకి వచ్చింది. యాల నాయనా అంది. పనుండాదిలేమ్మా అని ఆయన పలకని సంచిలో పెట్టుకున్నాడు. కాచి ఇచ్చేదా అని అడిగింది ఆ పిల్ల. వద్దులే తల్లీ, ఆడ కాసుకుంటా అన్నాడు.

నేనూ ఆయనతో బస్సెక్కాను. హాలంతా చప్పట్లు కొట్టించిన మాస్టర్ని, నా మాట వింటారని ఎక్కడో ఆశ. పెద్దింటి వాకిట్లో నాకు కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. మునెప్ప దూరంగా దిబ్బ పక్కన నిలబడ్డాడు. నేను నెమ్మదిగానే అడిగాను: ఆయన ఉద్యోగస్థుడు, ఇదొక్కటి వదిలెయ్యండి అని. చనిపోయినాయన కొడుకు నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. చేతులు జోడించాడు. "మా ఊరి పలకకి మదనపల్లెలో సప్పట్లు కొట్టించినారు సార్, మీకు దండం. అంత విద్య ఊర్లో పెట్టుకోని మా నాయనకి పక్కూరోళ్ళని పిలిపిస్తే మాకు నామర్దా కాదా? ఇన్నాళ్ళూ సెయ్యి లేయదని మమ్మల్ని నమ్మించినాడు. పోనీలే, మేమేమన్నా అన్నామా? గౌరవంగానే పిలిపించినాము."

గౌరవం! ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. ముఖ్య అతిథి మైకులో అదే అన్నాడు, ఈ కళని గౌరవించాలని. పేపరు వాళ్ళూ అదే రాశారు. నా కచేరీలోంచే ఆ మాట ఎత్తుకొని వచ్చి నా ముందర పెట్టారు. కాఫీ గ్లాసు కింద పెట్టేసి లేచాను.

మునెప్ప కొట్టాడు. చెప్పడానికే సిగ్గుగా ఉంది గానీ చెప్పాలి: అంత బాగా పలక కొట్టడం నేను అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. సంవత్సరాలుగా సావుకి పలక ముట్టని చెయ్యి అది. పాడె ముందర వెనక్కి వెనక్కి నడుస్తూ, తల వంచుకొని కొడుతున్నాడు. పక్కన తమ్ముడు ఊరికే నిలబడి ఏడుస్తున్నాడు, చచ్చినాయన కోసం కాదని నాకు తెలుసు. శ్మశానం దాకా పోలేక నేను మధ్యలోనే చౌడేపల్లె వైపు నడుచుకుంటూ వచ్చేశాను.

నాగవేణికి ఎవరూ చెప్పకుండా ఉండాల్సింది. ఆ ఊరి పిల్లలు మా స్కూల్లోనూ ఉన్నారు. సోమవారం క్లాసులో ఒకడు అన్నాడట, మీ నాయన మా ఊరి పెద్దింటాయన సావుకి బలే కొట్నాడే అని. వెక్కిరింపు కూడా కాదు, మెచ్చుకోలు. సాయంత్రం ఆ పిల్ల ప్రాక్టీసుకొచ్చింది. సైడ్ డ్రమ్ము పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, పుల్లలు దాని మీద పెట్టింది. "నేను పోతాను సార్" అంది. ఎందుకమ్మా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మునెప్పతో మాట్లాడాను, ఆయన ఆ పిల్లతో మాట్లాడాడు. లాభం లేదు. ఇంట్లో పళ్ళెం మీద వేళ్ళాడించడం కూడా ఆయన మానేశాడని తర్వాత విన్నాను.

మరుసటి ఏడు అదే సంగీతం కుప్పంలో ఒక సభలో వాయించమని పిలిచారు. నేను వద్దన్నాను. హెడ్మాస్టరు వినలేదు, స్కూలు పేరన్నాడు. పలక బదులు పెద్ద డ్రమ్ముతో కబురు భాగం లాగించాం. హెడ్మాస్టరు మొదట్నుంచీ వాడిన మాట అదే, లాగించెయ్యడం. జనం చప్పట్లు కొట్టారు. ఏదో తక్కువైందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. మదనపల్లెలో విన్నవాళ్ళు కొందరు అక్కడా ఉన్నారు, వాళ్ళూ అనలేదు. ఈ చప్పట్ల కోసమా మునెప్పని బలిపెట్టింది అనిపించి, స్టేజీ దిగి ఎవరితోనూ మాట్లాడకుండా బస్సులో కూర్చున్నాను.

రెండు వేల ఎనిమిదిలో కుప్పంలో బావమరిదిని ఆస్పత్రిలో చేర్చినప్పుడు నాగవేణి కనబడింది. స్టాఫ్ నర్సు. తనే గుర్తుపట్టి, వరండాలో కుర్చీ లాక్కొచ్చి వేసింది. మునెప్ప డైరీ నుంచి రిటైరయ్యాడని, సొంత ఊరికే తిరిగిపోయాడని చెప్పింది. తను కుప్పం రమ్మన్నా రాలేదట, తమ్ముణ్ణి వదిలి రానన్నాడట. ఇప్పటికీ పిలుస్తారా అని అడిగాను. "పిలుస్తారు సార్. పోతాడు. పెద్దింటోళ్ళకే కాదు, ఇప్పుడు అందరిండ్లకీ. బాగా కొడతాడని దూరం ఊర్లోళ్ళు కూడా వస్తాండారు." గాజులు సర్దుకుంటూ అంది: "నేనా పొద్దు మైకులో ఆ మాట అనకుంటే పోయేది సార్."

నీ తప్పేం లేదమ్మా, నువ్వు మీ నాయన పేరు చెప్పుకున్నావు, అంతే అన్నాను. ఆ పిల్ల తల ఊపింది. "అందరూ అదే అంటారు సార్. మా నాయన ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క తిట్టు తిట్టింటే ఏడ్సి ఊరుకునేదాన్ని." వార్డులోంచి ఎవరో పిలిస్తే లేచి పోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ ప్రోగ్రాంలోనూ పలక పెట్టలేదు. పెట్టకపోవడం వల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు, ఊర్లల్లో సావులకి పలకోళ్ళని పిలవడం ఆగలేదు. ఈ ఉద్యోగంలోకి వచ్చే కుర్ర మాస్టర్లు కొందరు జానపద వాద్యాల్ని స్టేజీ ఎక్కించాలని ఉత్సాహంగా నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: వాద్యం స్టేజీ ఎక్కి దిగిపోతుంది. దాన్ని వాయించిన మనిషి మళ్ళీ ఆ ఊరికే పోవాలి. అక్కడ ఆ మనిషి ఏ అబద్ధం మీద బతుకుతున్నాడో మనకి తెలియదు. తెలిసినా దాన్ని కాపాడే శక్తి బ్యాండు మాస్టర్లకి లేదు. నాకు తెలిసి కూడా కాపాడలేకపోయాను. ఒక పిల్ల తన తండ్రిని చూసి గర్వపడింది, ఆ గర్వానికి ఆ తండ్రి ఈ రోజుకీ పలక మోస్తున్నాడు.